‘మిస్‌డౌట్’ అంటే అనుమానం లేదని కాదు, కీడు శంకించడమని

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, మిగతావాళ్లకూ విషయం తెలుస్తుంది. మీరు ఒక పాత ఇంగ్లీషు సముద్ర కథను తెలుగు చేస్తున్నారు. గాలి పూర్తిగా పడిపోయిన ఒక ఉదయం, ముసలి నావికుడు ‘ఐ మిస్‌డౌట్ దిస్ కామ్’ అంటాడు. డౌట్‌కు ముందు మిస్ చేరింది కాబట్టి డౌట్ పోయినట్టే అనుకుని, ‘ఈ ప్రశాంతత మీద నాకు అనుమానమేమీ లేదు’ అని రాశారు. రెండు పేజీలు తిప్పాక తుఫాను వచ్చి ఓడ విరిగింది. అప్పటి నుంచి మీకు టెన్షన్: ఆ మాటకు అసలు అర్థమేమిటి, ఇప్పటి ఇంగ్లీషులో దాన్ని వాడవచ్చా, తెలుగులో ఏమని రాయాలి?

మీ టెన్షన్ సరైనదే. అర్థం తలకిందులైంది. ‘మిస్‌డౌట్’ అంటే అనుమానించడం, శంకించడం. ఆ నావికుడికి ప్రశాంతత మీద నమ్మకం లేదు, అందులో ఏదో ముప్పు దాగి ఉందని అతని భయం.

గోదావరి జిల్లాల్లో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు పాఠం చెప్పాను. ఈ మాట దగ్గర, దీనికి తల్లి అయిన ‘డౌట్’ దగ్గర తెలివైన పిల్లలు కూడా పడిపోవడం ఏటా చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ‘మిస్’ సంగతి. మిస్‌ట్రస్ట్ అంటే నమ్మకపోవడం. ట్రస్ట్‌ను మిస్ తలకిందులు చేసింది. అదే లెక్కన మిస్‌డౌట్ అంటే అనుమానించకపోవడం కావాలి కదా అని మీరు అనుకున్నారు. లెక్క బాగానే ఉంది, కానీ మాటలు ఆ లెక్క ప్రకారం పుట్టలేదు. ట్రస్ట్, డౌట్ ఒకదానికొకటి వ్యతిరేకం. మిస్‌ట్రస్ట్, మిస్‌డౌట్ మాత్రం దాదాపు ఒకే అర్థం. ఎందుకంటే ఆ ఉపసర్గకు అసలు అర్థం ‘లేదు’ అని కాదు. చెడు, తప్పు, కీడు అని. మిస్‌లీడ్ అంటే నడిపించకపోవడం కాదు, తప్పు దారిలో నడిపించడం. మిస్‌డీడ్ అంటే పని చేయకపోవడం కాదు, చెడ్డ పని. అలాగే మిస్‌డౌట్ అంటే చెడు జరుగుతుందని డౌట్ పడటం.

ఇప్పుడు మన మాట ఒకటి గుర్తు తెచ్చుకోండి. పొద్దున వెళ్లిన మనిషి చీకటి పడినా ఇంటికి రాకపోతే, ఫోన్ ఎత్తకపోతే, ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారు? ‘నా మనసెందుకో కీడు శంకిస్తోంది’ అంటారు. కీడు, శంకించడం. మిస్, డౌట్. నా ఉద్యోగమంతా ఈ ఇంగ్లీషు మాటకు ఇంతకంటే దగ్గరైన తెలుగు దొరకలేదు. ముక్కకు ముక్క సరిపోతుంది.

ఈ మాట 16వ శతాబ్దం నుంచి ఇంగ్లీషులో కనిపిస్తుంది. షేక్స్‌పియర్ దీన్ని బాగా వాడాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం అతని ‘ఆరవ హెన్రీ’ నాటకం మూడో భాగం చివర్లో ఉంది. 1471లో ట్యూక్స్‌బరీ యుద్ధం ముగిసింది. రాజు హెన్రీ లండన్ టవర్‌లో బందీ. కొడుకు యువరాజు అప్పటికే హతమయ్యాడు. చంపినవాళ్లలో ఒకడైన గ్లాస్టర్ రిచర్డ్ ఇప్పుడు తండ్రి గదిలోకి వచ్చాడు. రాజు బెదరడం చూసి, తప్పు చేసిన మనసుకే అనుమానం ఎక్కువ, దొంగకు ప్రతి పొదా పోలీసులాగే కనిపిస్తుంది అని ఎత్తిపొడుస్తాడు. దానికి హెన్రీ ఇచ్చే జవాబు ఇది: ‘ద బర్డ్ దట్ హ్యాత్ బీన్ లైమ్డ్ ఇన్ ఎ బుష్, విత్ ట్రెంబ్లింగ్ వింగ్స్ మిస్‌డౌటెత్ ఎవ్రీ బుష్.’ అప్పట్లో కొమ్మలకు జిగురు పూసి పిట్టలను పట్టేవారు. ఒకసారి ఆ జిగురుకు అంటుకున్న పిట్ట, తర్వాత ఏ పొదను చూసినా రెక్కలు వణికించుకుంటూ శంకిస్తుంది అంటున్నాడు. ఆ వెంటనే, నా పిల్ల ఏ జిగురుకు చిక్కి చచ్చిందో అది ఇప్పుడు నా కళ్ల ముందు నిలబడి ఉంది అంటాడు.

ఆ ‘మిస్‌డౌటెత్’ ఎంత నిండుగా ఉందో చూడండి. పొద ఉందా లేదా అనే సందేహం పిట్టకు లేదు. పొద కళ్లెదుటే ఉంది. అందులో జిగురు ఉండే ఉంటుందని దాని భయం. దీన్ని ‘సందేహిస్తుంది’ అని తెలుగు చేస్తే పిట్ట చచ్చిపోతుంది, వాక్యమూ చచ్చిపోతుంది. ‘ప్రతి పొదలోనూ కీడు శంకిస్తుంది’ అంటేనే ఆ రెక్కల వణుకు మనకు అందుతుంది.

మనిషి మీద పెట్టి వాడితే ఈ మాట రంగు కాస్త మారుతుంది. విండ్సర్ ఇల్లాళ్ల నాటకంలో ఫోర్డ్ ‘ఐ డూ నాట్ మిస్‌డౌట్ మై వైఫ్’ అంటాడు. నా భార్యను నేను అనుమానించను అని. అనుమానించడం అనే మాటను మనం కూడా భార్యాభర్తల విషయంలో సరిగ్గా ఈ అర్థంలోనే వాడతాం, కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. ఆంటొనీ, క్లియోపాత్రా నాటకంలో యాక్టియం యుద్ధానికి ముందు ఒక మామూలు సైనికుడు ఆంటొనీని బతిమాలతాడు: ప్రభూ, సముద్రం మీద యుద్ధం వద్దు, కుళ్లిన చెక్కలను నమ్మకండి, ఈ నా కత్తిని, నా గాయాలను మిస్‌డౌట్ చేస్తున్నారా అని. చెక్కలకు ‘ట్రస్ట్’, కత్తికి ‘మిస్‌డౌట్’. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మిస్‌డౌట్ అంటే ‘మీద నమ్మకం లేకపోవడం’ అని ఏ నిఘంటువూ తెరవకుండానే తెలిసిపోతుంది. ఆంటొనీ ఆ సైనికుడి మాట వినలేదు, ఓడిపోయాడు.

ఇక తల్లి మాటకు వస్తాను. అసలు చిక్కు అక్కడే ఉంది, ఎక్కువమంది పడిపోయేదీ అక్కడే. మిస్‌డౌట్ వింతగా కనిపిస్తుంది కాబట్టి మీరు ఆగి అడిగారు. ‘డౌట్’ మనకు తెలిసిన మాటే అనుకుని ఎవరూ ఆగరు.

షేక్స్‌పియర్ హామ్లెట్ నాటకం మొదటి అంకంలో, చనిపోయిన రాజు ప్రేతం కవచం తొడుక్కుని కోట మీద తిరుగుతోందని స్నేహితుడు, కాపలావాళ్లు వచ్చి ఆ రాజు కొడుకు హామ్లెట్‌కు చెప్తారు. వాళ్లు వెళ్లాక హామ్లెట్ తనలో తాను ‘ఆల్ ఈజ్ నాట్ వెల్, ఐ డౌట్ సమ్ ఫౌల్ ప్లే’ అనుకుంటాడు. ఒక ఏడాది నా క్లాసులో బాగా చదివే అమ్మాయి దీనికి ‘ఇందులో మోసం ఉందంటే నేను నమ్మను’ అని తెలుగులో వివరణ రాసింది. ఆమె తప్పు కాదు. ఇప్పటి ఇంగ్లీషు ప్రకారం ఆమె రాసిందే సరి. ఆమె చదివిన గైడ్‌లో కూడా అలాగే ఉంది. కానీ హామ్లెట్ చెప్పేది దానికి పూర్తిగా ఎదురు: ఏదో మోసం జరిగిందనే నా అనుమానం. మన పేపర్లలో ‘అనుమానాస్పద మృతి’ అని రాస్తారు చూడండి, ఆ అనుమానం ఇది. ఆ మృతి నిజమా కాదా అని అక్కడ ఎవరికీ సందేహం ఉండదు. దాని వెనుక ఎవరిదో చెయ్యి ఉందని శంక.

పాత ఇంగ్లీషులో ‘డౌట్’ రెండు పనులు చేసేది. ఒకటి నమ్మకపోవడం, రెండోది భయపడుతూ నమ్మడం. ఇవి ఒకదానికొకటి ఎదురు తిరిగే పనులు. ఒకే మాట రెండూ ఎలా చేస్తుందని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. మన ‘అనుమానం’ కూడా ఈ రెండు పనులూ రోజూ చేస్తూనే ఉంది. ఈ రెండు వాక్యాలు పైకి చదివి చూడండి.

‘వాడు వస్తాడా అని నాకు అనుమానం.’

‘వాడు వస్తాడేమోనని నాకు అనుమానం.’

మొదటి దాంట్లో వాడు రాడనే నా అంచనా. రెండో దాంట్లో వస్తాడనే అంచనా, పైగా వస్తే ఏం గొడవో అన్న బెదురు. అనుమానం అనే మాట రెండు చోట్లా ఒకటే. తేడా అంతా ‘ఆ’, ‘ఏమో’ అనే రెండు చిన్న ముక్కల్లో ఉంది. మన భాష ఆ ముక్కలతో అర్థాన్ని గట్టుకు చేర్చేస్తుంది కాబట్టి మనం ఎప్పుడూ తికమక పడలేదు. ఇంగ్లీషులో అలాంటి ముక్క తప్పనిసరిగా ఉండదు. ‘ఐ డౌట్ హీ ఈజ్ డెడ్’ అని పాత పుస్తకంలో ఉంటే ‘చనిపోయాడేమోనని భయంగా ఉంది’ అని చదువుకోవాలి. అదే వాక్యం ఈ రోజు వాట్సాప్‌లో వస్తే ‘చనిపోయాడంటే నమ్మను’ అని. ఒకే వాక్యం ఒక కాలంలో చావు కబురు, ఇంకో కాలంలో ధైర్యం.

ఈ రెండు అర్థాలూ ఒకే చోట చూడాలంటే హామ్లెట్‌లోనే రెండో అంకంలో ఒక చిన్న పద్యం ఉంది. హామ్లెట్ ఒఫీలియాకు రాసిన ఉత్తరంలోది. నాలుగు పాదాల్లో నాలుగుసార్లు ‘డౌట్’ వస్తుంది. నేను క్లాసులో ఇలా తెలుగు చేసి చెప్పేదాన్ని:

చుక్కలు నిప్పులంటే నమ్మకపో,
సూర్యుడు కదులుతాడంటే నమ్మకపో,
సత్యమే అబద్ధాలకోరని శంకించు,
నా ప్రేమను మాత్రం శంకించకు.

మొదటి రెండు డౌట్‌లు నమ్మకపోవడం. మూడోది ‘డౌట్ ట్రూత్ టు బి ఎ లయర్’. దాన్ని కూడా నమ్మకపోవడం అనుకుంటే, సత్యం అబద్ధమాడుతుందంటే నమ్మకు అని అర్థం వచ్చి పద్యం కుప్పకూలుతుంది. అక్కడ శంకించడం అనే చదవాలి. ఒకే ఊపిరిలో మాట అర్థం మార్చుకుంది, అప్పటి ప్రేక్షకులు తడుముకోకుండా అందుకున్నారు. నాలుగో పాదానికి రెండు అర్థాల్లో ఏది పెట్టినా సరిపోతుంది, అందుకే అది అంత అందంగా ఉంటుందని నా అభిప్రాయం.

ఈ భయం అర్థం ఎక్కడిదంటే, ఫ్రెంచి నుంచి వచ్చింది. లాటిన్‌లో ‘దుబితారే’ అంటే ఊగిసలాడటం. దాని వెనుక రెండు అనే అర్థమున్న ‘దువో’ ఉంది. రెండు దారుల మధ్య నిలబడిపోయిన మనసు. జర్మన్‌లో కూడా సందేహాన్ని ‘త్స్వైఫెల్’ అంటారు, రెండును ‘త్స్వై’ అంటారు. మన పోతన గజేంద్రుడి నోట పలికించిన ‘కలడు కలండనెడువాడు కలడో లేడో’ ఆ రెంటి మధ్య ఊగడానికి ఇంతకు మించిన ఉదాహరణ ఉండదు. లాటిన్ మాట పాత ఫ్రెంచిలోకి వచ్చేసరికి ఊగిసలాటతో పాటు భయాన్ని కూడా మోయడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు ఆ రెంటినీ కలిపే అరువు తెచ్చుకుంది. ‘రిడౌటబుల్’ అనే విశేషణం ఇప్పటికీ పేపర్లలో కనిపిస్తుంది, ఎదుటివాళ్లను బెదరగొట్టేంత గట్టివాడు అని. అందులో ఉన్న డౌట్ ఆ పాత భయమే. ఫ్రెంచివాళ్లు తర్వాత తెలివిగా రెంటినీ విడదీసుకున్నారు: ‘దుతే’ అంటే నమ్మకపోవడం, దాని ముందు ‘స’ చేర్చి ‘స దుతే’ అంటే ఊహించడం, అనుమానపడటం. మన ‘ఆ’, ‘ఏమో’ చేసే పనే అది.

ఇంకో చిన్న సంగతి. మధ్యయుగపు ఇంగ్లీషులో ఈ మాటలో ‘బి’ అక్షరమే లేదు. లాటిన్ మూలం కనిపించాలని పండితులు తర్వాత దాన్ని చేర్చారు. నోరు మాత్రం దాన్ని ఒప్పుకోలేదు. షేక్స్‌పియర్ నాటకం ఒకదాంట్లో బడిపంతులు ఒకాయన, జనం ఆ ‘బి’ని పలకడం లేదని మండిపడతాడు. మనం తెలుగులో ‘డౌట్’ అని రాస్తే చాలు, ఆ పాత రూపం తిరిగి వచ్చేసినట్టే.

ఈ పాత అర్థం పుస్తకాల్లోనే మిగిలిందనుకోకండి. స్కాట్లండ్‌లో, ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతాల్లో ఇంకా నోళ్లలో బతికే ఉంది. నా దగ్గర చదివిన ఒకమ్మాయి పై చదువుకు అబర్డీన్ వెళ్లింది. అద్దెకున్న ఇంటి ముసలావిడ ఒక ఉదయం ‘ఐ డౌట్ ఇట్ల్ స్నో’ అంది. మంచు పడదులే అని చెప్పిందనుకుని ఈమె మామూలు కోటుతో వెళ్లిపోయింది. సాయంత్రం మంచులో తడిసి, వణికిపోతూ ఇంటికి చేరింది. ఆవిడ ఎంత నొచ్చుకుందో! నేను పొద్దునే చెప్పాను కదమ్మా అంటుంది ఆవిడ, పడదని కదా చెప్పారు అంటుంది ఈమె. రాత్రి నాకు ఫోన్ చేస్తే హామ్లెట్ వాక్యం గుర్తు చేశాను. క్లాసులో విన్నప్పుడు అది ఎప్పుడో చచ్చిపోయిన ఇంగ్లీషు అనుకున్నాను మేడమ్ అంది.

మనలో చాలామంది అడిగే ఇంకో ప్రశ్న ఉంది కాబట్టి అది కూడా చెప్పేస్తాను. ‘ఐ హావ్ ఎ డౌట్’ అని మనం అనేది ఈ పాత వాడుకేనా? ‘చిన్న డౌట్ సార్’ అని చెయ్యెత్తని క్లాసు మన దగ్గర ఉండదు. ప్రశ్న అనే అర్థంలో డౌట్‌ను వాడటానికి ఇంగ్లీషులో పూర్వం కొంత ఆధారం ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో, దానియేలు గ్రంథం ఐదో అధ్యాయంలో, చిక్కు ప్రశ్నలు విప్పడాన్ని ‘డిజాల్వింగ్ ఆఫ్ డౌట్స్’ అన్నారు. అయినా మన క్లాసులోకి అది అక్కడి నుంచి దిగుమతి అయిందని నేను అనుకోను. సందేహ నివృత్తి, శంకా సమాధానం అనే మాటలు మన చదువుల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. గురువును అడిగేది సందేహమే, దానికి సరిపోయిన ఇంగ్లీషు మాట డౌట్. కాబట్టి ఇందులో మన భాష చెయ్యే ఎక్కువ. దాన్ని తప్పు అనడం నాకు నచ్చదు, ఈ దేశంలో అందరికీ అర్థమయ్యే మాట అది. కానీ అమెరికాలో, ఇంగ్లండ్‌లో మీటింగ్‌లో ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే, నువ్వు చెప్పింది నమ్మడం లేదని ఎదుటివాళ్లు తీసుకునే ప్రమాదం ఉంది. అక్కడ ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనడం మంచిది.

మీ అనువాదానికి పనికొచ్చే మాట ఒకటి. 19వ శతాబ్దంలోనో అంతకు ముందో రాసిన పుస్తకంలో ‘ఐ డౌట్’ కనిపిస్తే, అక్కడ ‘ఐ ఫియర్’ అని పెట్టి చదవండి. తర్వాత వచ్చేది చావు, నష్టం, మోసం, వాన లాంటి చెడు కబురై, వాక్యం చక్కగా నిలబడితే అది పాత అర్థం. అవునా కాదా అనే అర్థమిచ్చే ‘వెదర్’ గానీ ‘ఇఫ్’ గానీ వెంట వస్తే ఎక్కువసార్లు అది మనకు తెలిసిన సందేహమే. మాట్లాడేది పల్లెటూరి ముసలివాళ్లో స్కాట్లండ్ మనుషులో అయితే పాత అర్థాన్నే ముందు పరీక్షించండి. ఆ పేజీ ఒక్కటే చదివి నిర్ణయించకండి, తర్వాత కథలో ఏం జరిగిందో చూడండి. మీకు దారి చూపించిందీ ఆ తుఫానే కదా.

మిస్‌డౌట్‌కు ఒక అక్క ఉంది, ‘మిస్‌గివ్’. రోమియో విందుకు వెళ్లే ముందు ‘మై మైండ్ మిస్‌గివ్స్’ అంటాడు, నా మనసు కీడు శంకిస్తోంది అని. ఆ క్రియ ఇప్పుడు దాదాపు పోయింది, ‘మిస్‌గివింగ్స్’ అనే నామవాచకం మాత్రం నిక్షేపంగా ఉంది. మీరు ఇప్పటి ఇంగ్లీషు రాసేటప్పుడు మిస్‌డౌట్ బదులు దాన్నో, ‘సస్పెక్ట్’, ‘ఐయామ్ అఫ్రెయిడ్’ లాంటివో వాడుకోండి. మిస్‌డౌట్‌ను పరీక్షల్లో, ఆఫీసు మెయిల్స్‌లో రాయకండి. దిద్దేవాళ్లు అది స్పెల్లింగ్ తప్పనుకుంటారు, చదివేవాళ్లు మీలాగే అర్థం తిప్పుకుంటారు. చారిత్రక కథలో ఒక ముసలి పాత్ర నోట పెట్టడానికైతే ఇప్పటికీ చాలా బాగుంటుంది.

తెలుగులో పదం ఎంచుకునేటప్పుడు ‘సందేహం’ జోలికి పోకండి. సందేహంలో భయం లేదు, అది తెలియనితనం మాత్రమే. ‘అనుమానం’ పనికొస్తుంది. తర్కశాస్త్రంలో అనుమానం అంటే పొగను చూసి కొండ మీద నిప్పు ఉందని తేల్చుకోవడం. ఆనవాలు చూసి కనబడని దాన్ని పట్టుకోవడం అన్నమాట. మీ నావికుడు చేసేదీ అదే. కదలని గాలిని చూసి రాబోయే తుఫానును పసిగడుతున్నాడు. కానీ ‘శంక’ ఇంకా బాగా కుదురుతుంది, ఎందుకంటే సంస్కృతం నుంచీ ఆ మాటలో సందేహం, భయం రెండూ కలిసే ఉన్నాయి. శాకుంతలం నాలుగో అంకంలో భయపడుతున్న శకుంతలకు చెలికత్తెలు చెప్పే ‘అతిస్నేహః పాపశంకీ’ గుర్తుందా? ప్రేమ ఎక్కువైతే కీడునే శంకిస్తుందని.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘గాలి ఇలా పడిపోవడం చూస్తుంటే నా మనసెందుకో కీడు శంకిస్తోంది.’ మీ నావికుడు తక్కువ మాట్లాడే మనిషి అనిపిస్తే ‘ఈ ప్రశాంతతను నేను నమ్మను’ అనండి, అది కూడా సరైనదే, మిస్‌డౌట్‌లోని రెండో రంగు అందులో ఉంది. కానీ ఓడ విరగబోతోందని తెలిసిన అనువాదకులుగా మీరు మొదటిదే పెట్టాలని నా కోరిక. ఆ పేజీలో ఇంకా ఎక్కడైనా ‘ఐ డౌట్’ ఉందేమో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. ఉంటే వాక్యం మొత్తం ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.